రాక్ బృందం తొలి ఆల్బమ్‌కు కలెక్టర్స్ ఎడిషన్: టేపు నుంచి అలమర దాకా ఒక సమగ్ర మార్గదర్శి

ఒక రాక్ బృందం తొలి ఆల్బమ్‌కు ఇరవయ్యేళ్లో, నలభయ్యేళ్లో, యాభయ్యేళ్లో నిండగానే రికార్డు కంపెనీలు దాన్ని పెద్ద పెట్టెలో అమర్చి, కలెక్టర్స్ ఎడిషన్ పేరుతో మళ్లీ విడుదల చేస్తుంటాయి. ఎల్‌పీలు (పెద్ద వినైల్ రికార్డులు), సీడీలు, పుస్తకం, పోస్టర్లు, అప్పటి కాగితాల నకళ్లు, ఒక్కోసారి ఆల్బమ్ గుర్తుగా చేసిన చిన్న వస్తువు కూడా ఆ పెట్టెలో ఉంటాయి. ది స్టోన్ రోజెస్ బృందం 1989 నాటి తొలి ఆల్బమ్‌కు 2009లో వెలువడిన కలెక్టర్స్ ఎడిషన్‌లో మూడు ఎల్‌పీలు, మూడు సీడీలు, ఒక డీవీడీతో పాటు నిమ్మకాయ ఆకారంలో ఒక యూఎస్‌బీ కూడా చేర్చారు. ఇలాంటి పెట్టె కంటపడితే అభిమాని మనసు లాగడం సహజమే. కానీ దాని విలువను తేల్చేవి మూడే విషయాలు: అందులోని సంగీతాన్ని ఏ టేపు నుంచి తీశారు, ఎవరు ఏ పద్ధతిలో తీశారు, ఇంతకుముందు వినడానికి వీలుకానిది అందులో ఎంత ఉంది. మిగతా హంగులన్నీ వీటి తర్వాతే లెక్కకు వస్తాయి.

తొలి ఆల్బమ్‌ల విషయంలో ఈ పరిశీలన మరీ అవసరం. అవి సాధారణంగా తక్కువ డబ్బుతో, తక్కువ సమయంలో, బృందానికి ఇంకా పలుకుబడి లేని రోజుల్లో తయారవుతాయి. బ్లాక్ సబ్బాత్ తన తొలి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసింది. రమోన్స్ తొలి ఆల్బమ్ 1976లో సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో పూర్తయింది. మిక్సు, అంటే వాద్యాలూ గొంతూ ఏ పాళ్లలో కలవాలన్నది, ఎలా ఉండాలన్న నిర్ణయం చాలాసార్లు నిర్మాతదో కంపెనీదో అయ్యేది గనుక, ఆ అసంతృప్తి ఏళ్ల తరబడి బృందంలో మిగిలిపోయి, పునర్విడుదల సమయంలో బయటపడుతుంది. పైగా ఒప్పందం కుదరకముందే నమూనాగా చేసిన డెమోలు, మధ్యలో వదిలేసిన రికార్డింగులు తొలి ఆల్బమ్ వెనుక ఉన్నంతగా మరే ఆల్బమ్ వెనుకా ఉండవు.

మొదటి అడుగు: అసలు ఆల్బమ్ చరిత్రను కాగితం మీద పెట్టుకోవడం

పునర్విడుదలను అంచనా వేయాలంటే ముందుగా అసలు విడుదల రూపం స్పష్టంగా తెలిసి ఉండాలి. ఒకే పేరుతో వచ్చిన ఆల్బమ్ దేశానికొక రూపంలో ఉండటం 1960లలోనూ, 1970ల తొలి ఏళ్లలోనూ మామూలు సంగతి. పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ 1967 ఆగస్టులో బ్రిటన్‌లో వెలువడింది. అమెరికా ప్రతిలో అందులోని మూడు పాటలను తొలగించి, బ్రిటన్‌లో సింగిల్‌గా, అంటే విడి చిన్న రికార్డుగా, మాత్రమే వచ్చిన ఒక పాటను చేర్చారు. బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అమెరికా ప్రతిలో ఒక పాట స్థానంలో మరొక పాట చోటుచేసుకుంది. మీరు ఇన్నేళ్లుగా ప్రేమించిన ఆల్బమ్ వీటిలో ఏ రూపమో తెలియకపోతే, పెట్టె విప్పాక మీకు కావలసిన పాటో, వరుసో కనిపించకపోవచ్చు.

మోనో (ఒకే ధారలో శబ్దం), స్టీరియో (ఎడమ, కుడి రెండు ధారలు) తేడాను కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1967 ప్రాంతంలో బ్రిటన్‌లో ఎక్కువమంది మోనోలోనే వినేవారు కాబట్టి స్టూడియోలో మోనో మిక్సుకు ఎక్కువ సమయం వెచ్చించి, స్టీరియోను త్వరగా ముగించడం పరిపాటిగా ఉండేది. అందుచేత ఆ కాలపు ఆల్బమ్‌లకు రెండు మిక్సులు ఉంటే, వాటి మధ్య ప్రతిధ్వనిలో, వాద్యాల స్థాయిలో, పాట ముగిసే తీరులో చెవికి తెలిసే తేడాలు ఉంటాయి. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌కు 2007లో వచ్చిన మూడు సీడీల ఎడిషన్ మోనో, స్టీరియో రెండింటినీ ఇచ్చింది. ఆ కాలపు ఆల్బమ్‌కు కలెక్టర్స్ ఎడిషన్ అని చెప్పుకునే పెట్టె మోనోను వదిలేస్తే, దాన్ని పెద్ద లోటుగానే పరిగణించాలి.

కాబట్టి ఒక కాగితం మీద విడుదల తేదీ, దేశం, లేబుల్ (రికార్డు కంపెనీ పేరు), క్యాటలాగ్ సంఖ్య, పాటల వరుస, ఒక్కో పాట నిడివి, నిర్మాత పేరు, స్టూడియో పేరు, ఉన్న మిక్సులు రాసుకోండి. 2000లో మొదలైన, రికార్డుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైటు డిస్కాగ్స్ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. అయితే అందులోని వివరాలు సంగ్రాహకులే చేర్చినవి గనుక, ఒక్క మాట మీద ఆధారపడకుండా డిస్కు నడుమ అంటించే లేబుల్ ఫొటోలనూ, ఆ లేబుల్ చుట్టూ ఉండే పాటలేని నునుపు పట్టీ మీద చెక్కిన సంఖ్యలనూ సరిపోల్చుకోవాలి. అట్ట వివరాలు కూడా రాసుకుంటే మంచిది: లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్ మొదటి బ్రిటిష్ ప్రతుల మీద అక్షరాలు నీలి ఆకుపచ్చ రంగులో ఉండేవి, ఆ తర్వాత నారింజకు మారాయి. "తొలి ముద్రణకు నకలు" అని ప్రకటించే పెట్టె నిజంగా తొలి ముద్రణనే అనుసరించిందో లేదో ఇలాంటి గుర్తులే చెబుతాయి.

రెండవ అడుగు: టేపు జాడ పట్టుకోవడం

మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ కోరేది ఈ అడుగు. స్టూడియోలో మొదట పుట్టేది డ్రమ్స్, బేస్, గిటారు, గొంతు వేర్వేరు ట్రాకుల మీద ఉండే మల్టీట్రాక్ టేపు. వాటిని కలిపి స్టీరియోకో మోనోకో దించినది మాస్టర్ టేపు. ఆ మాస్టర్ నుంచి భద్రత కోసం ఒక నకలు, రికార్డు కోతకు అనువుగా స్వరస్థాయిలు సర్దిన మరొక నకలు, ఇతర దేశాల కంపెనీలకు పంపడానికి ఇంకొన్ని నకళ్లు తీసేవారు. కార్బన్ కాగితాలు పెట్టి రాసినప్పుడు అడుగు ప్రతిలో అక్షరం మసకబారినట్లే, నకలుకు నకలు తీసేకొద్దీ టేపు హోరు పెరిగి, డ్రమ్స్‌తో ఉండే తాళాల (సింబల్స్) తళుకు తగ్గి, వాద్యాల మధ్య ఉండే ఖాళీ పూడుకుపోతుంది.

ప్రకటనల్లోని మాటలను ఈ వెలుగులో చదవాలి. "ఒరిజినల్ అనలాగ్ టేపుల నుంచి" అన్నప్పుడు అది మాస్టరే కానక్కరలేదు, ఎందుకంటే నకలు కూడా అనలాగ్ టేపే. "ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి" అన్నప్పుడు మాస్టర్‌ను ఏనాడో డిజిటల్‌లోకి ఎక్కించి, ఇప్పుడు ఆ ఫైలును వాడి ఉండవచ్చు. "పూర్తిగా అనలాగ్" అన్న మాటకు మాత్రమే మధ్యలో డిజిటల్ దశ లేదన్న అర్థం ఉంది. ఆ అర్థం మీద కూడా వివాదాలు నడిచాయి. పాత ఆల్బమ్‌లను మళ్లీ ముద్రించే మొబైల్ ఫిడెలిటీ సంస్థ, అనలాగ్ ప్రియులు ఎంతగానో నమ్మిన తన రికార్డులలో చాలా వాటికి డీఎస్‌డీ అనే పద్ధతిలో డిజిటల్ దశను వాడుతోందని 2022లో బయటపడింది. దాని మీద వచ్చిన దావా 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.  నా దృష్టిలో డిజిటల్ దశ ఉండటం దోషం కాదు. ఏ టేపును, ఏ ప్రమాణంలో, ఎప్పుడు ఎక్కించారో కొనేవారికి చెప్పకపోవడమే దోషం.

నిజానికి కొన్ని టేపుల విషయంలో డిజిటల్ దశ తప్పనిసరి. 1970ల మధ్య నుంచి 1980లలో వాడిన కొన్ని రకాల టేపుల్లో, అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. వాటిని నేరుగా నడిపితే పూత ఊడి యంత్రానికి అంటుకుంటుంది. సుమారు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి నిలకడగా వేడిచేసిన తర్వాత టేపు కొంతకాలం నడిచే స్థితికి వస్తుంది. ఆ వ్యవధిలోనే దాన్ని భద్రంగా ఎక్కించుకోవాలి. అసలు టేపే లేకుండాపోవడం మరొక స్థితి. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో అనేక మాస్టర్ టేపులు కాలిపోయాయి.

టేపు దొరకనప్పుడు మిగిలిన దారి డిస్కు నుంచి తీయడం. ది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం 1966 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని సెప్టర్ స్టూడియోస్‌లో చేసిన తొలి రికార్డింగుల అసిటేట్ డిస్కు (పరీక్షగా వినడానికి నేరుగా కోసిన ప్రతి) ఒకటి, 2002లో ఆ నగరంలోనే పాత సామాన్ల అమ్మకంలో 75 సెంట్లకు ఒక సంగ్రాహకుడి చేతికి చిక్కింది. 2006 చివరిలో అది వేలంలో 25,200 డాలర్లు పలికింది. ఆ రికార్డింగులు 2012లో వచ్చిన 45వ వార్షికోత్సవపు ఆరు సీడీల పెట్టెలో చోటుచేసుకున్నాయి. వాటిలో వినిపించే గీతల చప్పుడు సహించవలసిన చప్పుడే. దాన్ని పూర్తిగా తుడిచేయాలని చూస్తే దానితో పాటు సంగీతం కూడా కొంత చెరిగిపోతుంది.

కొనేముందు చేయవలసిన పని ఇది. టేపు ఎక్కించినవారు, మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని చివరిగా సర్దడం) చేసినవారు, లాకర్ (రికార్డు అచ్చుకు మూలమైన పళ్లెం) కోసినవారు ఎవరో, ఏ స్టూడియోలో చేశారో కంపెనీ ప్రకటనలో వెతకండి. పుస్తకంలో అసలు టేపు పెట్టెల ఫొటోలు ఉంటే మంచి సంకేతం, ఎందుకంటే ఆ పెట్టె మీది చేతిరాతే అది మాస్టరో నకలో చెబుతుంది. ఆధారం గురించి విడుదలకు ముందు ఒక్క మాట కూడా చెప్పని పెట్టెను ముందస్తుగా బుక్ చేయకుండా, అది చేతికందినవారు వివరాలు బయటపెట్టే వరకు ఆగడం మేలు.

మూడవ అడుగు: రీమాస్టరో, రీమిక్సో తేల్చుకోవడం

రీమాస్టర్ అంటే మాస్టర్ టేపులోని మిక్సును అలాగే ఉంచి, స్వరాల సమతూకాన్నీ, స్థాయినీ, టేపులోని చిన్న లోపాలనూ సరిచేయడం. రీమిక్స్ అంటే మల్టీట్రాక్ దాకా వెనక్కి వెళ్లి, ఏ వాద్యం ఎంత వినిపించాలో మళ్లీ మొదటి నుంచి నిర్ణయించడం. రెండవ దానిలో వినిపించేది అదే వాయింపు గాని అదే ఆల్బమ్ కాదు.

పెర్ల్ జామ్ 1991 నాటి తొలి ఆల్బమ్ ఇందుకు మంచి ఉదాహరణ. అసలు మిక్సులో ప్రతిధ్వని ఎక్కువైందన్న అసంతృప్తి బృందంలో చాలాకాలం ఉంది. 2009 పునర్విడుదలలో పాత మిక్సును రీమాస్టర్ చేసి ఒక డిస్కు మీద, నిర్మాత బ్రెండన్ ఓబ్రయన్ చేసిన కొత్త మిక్సును మరొక డిస్కు మీద ఇచ్చారు. రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల శ్రోతే తీర్పు చెప్పుకోవచ్చు. ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి లేదు. ది స్టూజెస్ 1969 తొలి ఆల్బమ్ కథ దీనికి తలకిందులు: నిర్మాత జాన్ కేల్ చేసిన మిక్సును కంపెనీ అప్పట్లో తిరస్కరించి వేరే మిక్సును విడుదల చేసింది, ఆ తిరస్కృత మిక్సు దశాబ్దాల తర్వాత పునర్విడుదలల ద్వారానే జనానికి చేరింది. ఇక్కడ "కొత్త" మిక్సు అనిపించేదే నిజానికి పాతది.

ది డోర్స్ 1967 తొలి ఆల్బమ్‌లో సమస్య ఇంకొక రకం. స్టీరియో ప్రతి ఉండవలసిన వేగం కన్నా కాస్త నెమ్మదిగా నడుస్తోందని, అందువల్ల శ్రుతి కూడా కాస్త దిగిందని చాలా ఆలస్యంగా గుర్తించారు. 2006, 2007లలో వచ్చిన 40వ వార్షికోత్సవపు మిక్సులలో అసలు ఇంజనీరు బ్రూస్ బాట్నిక్ దాన్ని సరిచేశారు. పాత వేగానికి అలవాటుపడిన చెవికి సరైన వేగం కూడా మొదట కొత్తగానే తోస్తుంది. అందుచేత ఏ సవరణనైనా మొదటిసారి విన్న వెంటనే తప్పుపట్టకూడదు, మెచ్చుకోకూడదు.

నా నియమం స్పష్టం: పాత మిక్సును కూడా ఇచ్చే పెట్టెలో రీమిక్స్ ఒక బహుమతి. పాత మిక్సును తొలగించి రీమిక్స్ ఒక్కటే ఇచ్చే పెట్టె మాత్రం, అసలు ఆల్బమ్ ప్రతి ఇప్పటికే మీ దగ్గర ఉంటే తప్ప కొనదగినది కాదు.

నాలుగవ అడుగు: పాటల పట్టీని లెక్కగా చదవడం

అదనపు సంగీతం సాధారణంగా నాలుగు రకాలుగా ఉంటుంది: డెమోలు, వదిలేసిన స్టూడియో రికార్డింగులు, సింగిల్స్ వెనుక వైపున వచ్చిన పాటలు, కచేరీలు. వీటన్నిటికీ ఒకే విలువ కట్టకూడదు. సింగిల్స్ వెనుక పాటలు వేరే సంకలనాల్లో దొరుకుతూనే ఉంటాయి. కచేరీ అయితే అది ఆ కాలానిదేనా, రికార్డింగు నాణ్యత ఎలాంటిది అని చూడాలి. లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌కు 2014లో ఇచ్చిన అదనపు డిస్కులో 1969 అక్టోబరు 10న పారిస్‌లోని ఒలింపియాలో చేసిన కచేరీ ఉంది. ఆల్బమ్ వచ్చిన ఏడాదే ఆ పాటలు వేదిక మీద ఎంతగా సాగి, మారాయో అందులో వినవచ్చు.

తొలి ఆల్బమ్ విషయంలో అన్నిటికన్నా విలువైనవి వదిలేసిన స్టూడియో రికార్డింగులు. ఒయాసిస్ తొలి ఆల్బమ్ 1994 ఆగస్టులో వెలువడకముందు, వేల్స్‌లోని మానో వ్యాలీలో చేసిన రికార్డింగును బృందం పక్కనపెట్టింది. ఆ తర్వాత కార్న్‌వాల్‌లోని సామిల్స్ స్టూడియోలో మళ్లీ మొదలుపెట్టింది. చివరికి నిర్మాత ఓవెన్ మోరిస్ మిక్సుతో గాని ఆల్బమ్‌లో వినిపించే గోడలాంటి గిటార్ల మోత కుదరలేదు. 2024లో వచ్చిన 30వ వార్షికోత్సవపు ఎడిషన్‌లో మానో వ్యాలీ రికార్డింగులను, సామిల్స్‌లో మిగిలినవాటిని చేర్చారు. అవే పాటలు, అదే బృందం, ఇంచుమించు అవే వాయిద్యాలు. అయినా మొదటి ప్రయత్నంలో ఆ ఊపు ఎందుకు లేదో పోల్చి వినడం, సంగీతం తయారయ్యే తీరును ఏ వ్యాసమూ చెప్పలేనంత బాగా చెబుతుంది. ఇలాంటి సామగ్రి ఉన్న పెట్టెకు ఖరీదు ఎక్కువైనా నేను సమర్థిస్తాను.

పట్టీని లెక్కించేటప్పుడు "ఇంతకుముందు విడుదల కానివి" అన్న మాటకూ, "తొలిసారి వినైల్ మీద" అన్న మాటకూ ఉన్న తేడాను మరువకూడదు. మొదటిది కొత్త సంగీతం, రెండవది పాత సంగీతానికి కొత్త రూపం. గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్‌కు 2018లో వచ్చిన పెద్ద ఎడిషన్‌లో ప్రకటించిన 73 ట్రాకుల్లో 49 అంతకుముందు విడుదల కానివి. అది నిజంగా పెద్ద సంఖ్య. అదే ఎడిషన్‌లో, అదే కాలపు మరొక విడుదల నుంచి పాటలు తీసుకుంటూ వివాదాస్పదమైన ఒక పాటను మాత్రం వదిలేశారు. అంటే ఉన్నవాటితో పాటు లేనివాటిని కూడా వెతకాలి. ఒకే సంగీతాన్ని ఎల్‌పీగా ఒకసారి, సీడీగా ఒకసారి, బ్లూరేగా మరొకసారి ఇచ్చి డిస్కుల సంఖ్య పెంచడం కూడా తరచుగా కనిపిస్తుంది. పునరావృతాలను, మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటిని తీసేసి, కొత్తగా వినబోయే నిమిషాలు ఎన్నో రాసుకుని, వెలను ఆ సంఖ్యతో భాగిస్తే, రెండు వేర్వేరు ఎడిషన్లను సూటిగా పోల్చవచ్చు.

యాభయ్యవ ఏట పాత రికార్డింగులు ఒక్కసారిగా బయటకు రావడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన నిబంధన ప్రకారం శబ్ద రికార్డింగులకు హక్కుల గడువు 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది. కానీ రికార్డింగు జరిగిన 50 ఏళ్లలోపు బయటకు రానివాటికి ఆ పొడిగింపు వర్తించదు. అందుకే గడువు దగ్గరపడగానే కంపెనీలు అరల్లో ఉన్నదాన్ని వెలికితీస్తాయి. అలాంటి విడుదలల్లో ఎంపిక, శుద్ధి ఒక్కోసారి తొందరపాటుగా ఉంటాయి గనుక, శబ్ద నాణ్యత గురించి ముందుగా విచారించాలి.

ఐదవ అడుగు: రికార్డు ఎలా తయారైందో చూడటం

ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించే "180 గ్రాములు" అన్న డిస్కు బరువు శబ్దం గురించి దాదాపు ఏమీ చెప్పదు. ముల్లు నడిచే గాడి లోతు, ఆకృతి కోతలో నిర్ణయమవుతాయి. బరువైన డిస్కు చేతికి గట్టిగా తగులుతుంది, అంతే. చూడవలసినవి వేరే ఉన్నాయి. మాస్టర్ సంకేతాన్ని లాకర్ పూసిన పళ్లెం మీద కోసి, దానికి లోహపు పూత పోసి, తల్లి అచ్చు తీసి, దాని నుంచి రికార్డులను ముద్రించే స్టాంపర్లు చేస్తారు. ఒక్కో స్టాంపరుతో ముద్రించేవి సాధారణంగా వెయ్యి అటూఇటూ ఉంటాయి. అరిగిన స్టాంపరుతో ఇంకా ముద్రిస్తే చప్పుడు పెరుగుతుంది. కోసినవారి పేరు, ముద్రించిన కర్మాగారం పేరు తెలిస్తే, వారి ఇతర రికార్డుల మీద శ్రోతల అనుభవాన్ని బట్టి ఒక అంచనాకు రావచ్చు.

ఒక్కో వైపు నిడివి కూడా ముఖ్యమే. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో తిరిగే 12 అంగుళాల డిస్కు మీద ఒక వైపుకు 20 నిమిషాల ప్రాంతంలో ఉంటే గాడులకు తగినంత చోటు ఉంటుంది. అంతకు మించేకొద్దీ స్థాయి తగ్గించాలి. పైగా లేబుల్ దగ్గరపడేకొద్దీ గాడి వేగం తగ్గి, ఒకే వ్యవధి సంగీతం తక్కువ పొడవులోకి కుదించుకుపోతుంది గనుక, చివరి పాటలో గొంతు, తాళాలు చీరుకుపోయే ప్రమాదం ఎక్కువ. రాక్ తొలి ఆల్బమ్‌లు చాలావరకు పొట్టివి కాబట్టి ఒకే ఎల్‌పీలో సుఖంగా ఇముడుతాయి. వాటిని 45 వేగంతో రెండు డిస్కుల మీద పరిస్తే శబ్దానికి మేలే గాని, మధ్య మధ్య లేచి తిప్పవలసి వస్తుంది, ఆల్బమ్ ప్రవాహం తెగుతుంది. రంగురంగుల వినైల్ నేడు నల్లదానికి పెద్దగా తీసిపోవడం లేదు. బొమ్మ ముద్రించిన పిక్చర్ డిస్కు మాత్రం పైపొర వల్ల చప్పుడు ఎక్కువగా చేస్తుంది. దాన్ని గోడకు అలంకారంగానే చూడాలి.

సీడీ, బ్లూరే, డౌన్‌లోడ్ ఫైళ్ల విషయంలో ప్రమాదం స్థాయిని అతిగా పెంచడం. 1990ల నుంచి చాలా రీమాస్టర్లు శబ్దాన్ని ఒత్తి, మెల్లని భాగాలకూ గట్టి భాగాలకూ ఉన్న ఎడాన్ని తగ్గించాయి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే, తరంగాల శిఖరాలు కోసినట్లు చదునుగా కనిపించడమే గుర్తు. ఈ ఎడాన్ని కొలిచే డైనమిక్ రేంజ్ అంకెలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: రికార్డు నుంచి ఎక్కించుకున్న ఫైలుకు వచ్చే అంకె సహజంగానే ఎక్కువగా చూపిస్తుంది, కాబట్టి దాన్ని సీడీ అంకె పక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు.

ఆరవ అడుగు: హంగులు, సంఖ్య, వెల

ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. మంచి పుస్తకం అంటే రికార్డింగు తేదీలు, టేపుల వివరాలు, పాల్గొన్నవారి మాటలు, అప్పటి ఫొటోలు ఉన్నది. పొగడ్తలతో నిండిన వ్యాసం కాదు. గన్స్ ఎన్ రోజెస్ ఎడిషన్‌కు 999 డాలర్ల రూపం కూడా ఒకటి ఉండేది; అందులో ముద్రిత చిత్రాలు, లోహపు పిన్నులు, ఉంగరాల వంటివి చేర్చారు. అభిమానంతో కొనేవారిని కాదనను గాని, సంగీతం కోసం కొనేవారు పైన పటారం లోన లొటారం కాకుండా చూసుకోవాలి. పరిమిత సంఖ్య అన్న మాటకు కూడా అంకె తోడుంటేనే అర్థం. రమోన్స్ తొలి ఆల్బమ్ 40వ వార్షికోత్సవ ఎడిషన్‌ను 2016లో వరుస సంఖ్యలు వేసి 19,760 ప్రతులుగా విడుదల చేశారు. నిర్మాత క్రెగ్ లియాన్ చేసిన కొత్త మోనో మిక్సు అందులో ఉంది. అంకె ఆల్బమ్ విడుదలైన ఏడాదిని గుర్తుచేసేలా ఎంచుకున్నది. అయినా అంత సంఖ్యను అరుదైనదని అనలేం. అంకె చెప్పకుండా పరిమితం అంటే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

అనధికారిక విడుదలల పట్ల మాత్రం గట్టి జాగ్రత్త అవసరం. పాత రేడియో ప్రసారాలనో, సీడీ నుంచి దించిన ఆల్బమ్‌నో అందమైన పెట్టెలో పెట్టి అమ్మేవారు ఉన్నారు. హక్కుదారు పేరు, అసలు లేబుల్ పేరు, క్యాటలాగ్ సంఖ్య, ఇంజనీర్ల పేర్లు లేకపోతే పక్కన పెట్టేయండి.

ఏడవ అడుగు: పెట్టె అందిన రోజు

విప్పే ముందు అన్ని మూలలనూ ఫొటో తీసి, విప్పేదాన్ని వీడియోగా రికార్డు చేసుకోండి. నష్టపరిహారం అడగవలసి వస్తే ఇదే సాక్ష్యం. తిరిగి పంపే గడువు ముగియకముందే ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరి దాకా వినడం చాలా ముఖ్యం. చాలామంది ఆల్బమ్ వినేసి, మిగతా డిస్కులను నెలల తర్వాత తీస్తారు. అప్పుడు ఒకే డిస్కు రెండుసార్లు పెట్టి మరొకటి వదిలేశారని తెలిసినా చేసేదేమీ ఉండదు. లేబుల్ మీది పేరు సరిగ్గా ఉండి, గాడిలో వేరే వైపు సంగీతం ఉండటం కూడా జరుగుతుంది కాబట్టి, నునుపు పట్టీ మీది సంఖ్యలను లేబుల్‌తో పోల్చండి.

డిస్కును వాలుగా వెలుతురులో తిప్పి చూడండి. గాడుల మీద బూడిద రంగు మచ్చలు వరుసగా కనిపిస్తే వేడి వినైల్ గాడిని పూర్తిగా నింపలేదని అర్థం. అక్కడ ముల్లు గుడ్డ చించినట్లు చప్పుడు చేస్తుంది, ఎంత కడిగినా పోదు. తిరిగే డిస్కును అంచు నుంచి చూస్తే వంపు తెలుస్తుంది. ముల్లును మోసే టోన్ ఆర్మ్ ప్రతి చుట్టుకూ పక్కలకు ఊగుతుంటే నడిమి రంధ్రం తప్పుగా పడిందని అర్థం. సాగదీసిన గిటారు స్వరాల్లో శ్రుతి ఊగడం వినిపిస్తుంది. ఇవి మార్పిడి కోరదగిన లోపాలు. చిటపటలు మాత్రం చాలాసార్లు కాగితపు పొడి వల్లా, స్థిర విద్యుత్తు వల్లా వచ్చేవే గనుక, కొత్త రికార్డునైనా ముందు శుభ్రం చేసి విని, ఆ తర్వాతే తీర్పు చెప్పండి. డౌన్‌లోడ్ కోడ్ ఉంటే ఆ రోజే వాడుకోండి, యూఎస్‌బీ ఉంటే ఫైళ్లను వెంటనే వేరే చోట భద్రపరచండి.

ఎనిమిదవ అడుగు: పాతదానితో పోల్చి వినడం

రెండు ప్రతులను పోల్చేటప్పుడు స్థాయిని సమం చేయకపోతే పోలికకు అర్థం లేదు. కొంచెం గట్టిగా వినిపించేదే చెవికి మెరుగ్గా తోస్తుంది. అది మనిషి వినికిడి స్వభావం. ఫైళ్లయితే సాఫ్ట్‌వేర్‌తో, రికార్డులైతే వాల్యూమును సర్ది, గొంతు ఒకే ఎత్తులో వినిపించేలా చేసుకోండి. ఆల్బమ్ అంతా ఒకేసారి పోల్చకుండా, బాగా తెలిసిన ఒక పాటలో ఒక నిమిషం ఎంచుకోండి. తాళాల తరంగం చివరి దాకా వినిపించి సన్నగా ఆరుతోందా లేక మధ్యలోనే తెగుతోందా, బేస్ గిటారు స్వరం కిక్ డ్రమ్ దెబ్బ నుంచి విడిగా తెలుస్తోందా, పాట మొదలయ్యే ముందు ఉండే టేపు హోరు మిగిలి ఉందా అన్నవి వినండి. హోరు పూర్తిగా మాయమైతే శబ్ద శుద్ధి అతిగా జరిగిందని అనుమానించాలి; దానితో పాటు రికార్డు చేసిన గది అనుభూతి కూడా పోతుంది. పోలిక ముగిశాక కొన్ని రోజులు ఆగి, ఈసారి ఏది ఏదో తెలియకుండా వేరొకరితో పెట్టించుకుని మళ్లీ వింటే, మొదటి అభిప్రాయం ఎంతవరకు నిలబడుతుందో తేలుతుంది.

తొమ్మిదవ అడుగు: దాచుకోవడం

మూత చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పొరను పూర్తిగా తీసేయండి. కాలంతో అది బిగుసుకుని అట్టను, రికార్డును వంచగలదు. డిస్కులను గట్టి అట్ట జేబుల్లోకి తోస్తూ లాగుతూ ఉంటే గీతలు పడతాయి కాబట్టి, పాలీఎథిలీన్ లోపలి కవర్లలోకి మార్చి, అసలు కవర్లను ఖాళీగా పెట్టెలోనే ఉంచండి. పైకవరుకు పాలీప్రొపిలీన్ వాడవచ్చు. మెత్తని పీవీసీ కవర్లు మాత్రం వద్దు. వాటిలోని మెత్తబరిచే రసాయనం బయటకు వచ్చి రికార్డు మీద పోని మసకను మిగులుస్తుంది. పెట్టెలో డిస్కులను పట్టి ఉంచడానికి స్పాంజి పెట్టి ఉంటే, అది ఏళ్ల మీద పొడిగానో జిగురుగానో మారుతుంది గనుక డిస్కుకు తగలకుండా చూడండి.

రికార్డులను నిటారుగా, మరీ వదులుగానూ మరీ బిగుతుగానూ కాకుండా నిలపాలి. పెద్ద పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. గది ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండటం ఉత్తమం. అంత నియంత్రణ కుదరకపోతే, కనీసం ఎండ తగలని లోపలి గోడ పక్కన, ఒడిదొడుకులు తక్కువ ఉన్నచోట పెట్టండి. తరచుగా మారే వేడి, తేమలే నిలకడైన వేడి కన్నా కాగితానికీ జిగురుకూ ఎక్కువ చేటు చేస్తాయి. చివరగా, మొదటి అడుగులో రాసుకున్న కాగితానికి ఈ ఎడిషన్ నునుపు పట్టీ సంఖ్యలు, టేపు ఆధారం, కొన్న తేదీ, లోపం ఉన్న వైపు పేరు చేర్చి, ఆమ్లం లేని కాగితంపై శుభ్రంగా రాసి, పుస్తకం వెనుక అట్ట లోపల పెట్టండి.